జాన్ పోస్టెల్

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ (1943 ఆగస్టు 6 - 1998 అక్టోబరు 16) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త, అంతర్జాల నిర్మాతలలో ఒకడు. జాన్ పోస్టెల్ అను పేరుతో ప్రసిద్ధుడు. అంతర్జాలంలో ఏ సేవకు ఏ పోర్టు సంఖ్య ఉండాలో నిర్ణయించే పట్టికను 1972 నుండి మరణించే వరకు నిర్వహించాడు. అంతర్జాల ప్రమాణ పత్రాలైన ఆర్.ఎఫ్.సి.లకు సంపాదకుడుగా కూడా పనిచేశాడు. గృహ కంప్యూటరులోని ఫైర్‌వాల్, ఎక్కడి నుండో ఫలానా పోర్టుకు వచ్చిన అభ్యర్థనను ఆపివేసినట్లు చూపినపుడు, ఆ సంఖ్యకు అర్థము తెలుసుకొనుటకు నేటికీ చూడవలసినది ఈయన ప్రారంభించిన పట్టికనే.

బాల్యము, విద్యాభ్యాసము

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజెలెస్ నగరంలోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివాడు. అంతర్జాల చరిత్రలో ప్రముఖులైన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ పాఠశాల విద్యార్థులే. తరువాత లాస్ ఏంజెలెస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1966లో ఇంజనీరింగులో పట్టభద్రుడైనాడు. 1968లో స్నాతకోత్తర పట్టా, 1974లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. కంప్యూటర్లు పరస్పరం సంభాషించుకొనే నియమావళులను గ్రాఫుల సహాయంతో విశ్లేషించుట ఈయన సిద్ధాంత గ్రంథ విషయము.

ఆర్పానెట్ పరిశోధనలు

అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ, దూర ప్రాంతాలలోని కంప్యూటర్లను కలిపే ఆర్పానెట్ అను వలయమును 1969లో ప్రారంభించింది. దాని మొదటి కేంద్రము పోస్టెల్ చదువుతున్న విశ్వవిద్యాలయమే. అక్కడ ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ఆధ్వర్యంలో నడిచే నెట్‌వర్కు కొలతల కేంద్రంలో పోస్టెల్ పరిశోధక విద్యార్థిగా పనిచేశాడు. 1969 అక్టోబరు 29న ఈ కేంద్రం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు మొదటి సందేశం వెళ్ళింది.

వలయంలో పాటించవలసిన నియమాలను గూర్చి విద్యార్థులు తమలో తాము చర్చించుకొనుటకు స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్ 7న ఒక పత్రము వ్రాశాడు. అదే మొదటి ఆర్.ఎఫ్.సి. అభిప్రాయములను ఆహ్వానించు పత్రమని దాని అర్థము. కాలక్రమంలో ఇవే అంతర్జాల ప్రమాణాలైనవి. వీటికి వరుస సంఖ్యలు ఇచ్చుట, భాషను సరిచూచుట, ప్రచురించుట పోస్టెల్ స్వీకరించిన బాధ్యతలు. ఈయన స్వయంగానో, ఇతరులతో కలిసియో రచించిన ఆర్.ఎఫ్.సి.లు 200 పైబడి ఉన్నాయి.

పోర్టు సంఖ్యల పట్టిక

పోర్టు అనగా నేమో తెలిసినగాని పోస్టెల్ చేసిన పని ప్రాముఖ్యము బోధపడదు. ఒక పెద్ద రైల్వే స్టేషనుకు చిరునామా ఒక్కటే. అయినను టికెట్లకు ఒక కిటికీ, రిజర్వేషనుకు మరొకటి, పార్సిళ్ళకు ఇంకొకటి ఉంటాయి. అదేవిధంగా అంతర్జాలంలోని కంప్యూటరుకు ఐ.పి. చిరునామా ఒక్కటే అయినా, దానిలో నడిచే ఒక్కొక్క సేవకు ఒక్కొక్క సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యయే పోర్టు. ఇది నిజమైన ద్వారము కాదు. సందేశము ముందు భాగంలో వ్రాసి ఉండే 16 బిట్ల సంఖ్య మాత్రమే. కావున దాని విలువ 0 నుండి 65535 వరకు ఉండవచ్చును.

తొలి దినాలలో ఒక్కొక్క కేంద్రంవారు తమకు తోచిన సంఖ్యను వాడుకొనేవారు. దీనివలన ఒక కేంద్రంవారికి మరొక కేంద్రంలోని సేవను చేరుట కష్టమయ్యేది. 1972 మే నెలలో పోస్టెల్ ఆర్.ఎఫ్.సి. 349 ద్వారా ఒక పరిష్కారము సూచించాడు. ప్రామాణిక సేవల సంఖ్యలను ఒకే వ్యక్తి కేటాయించి పట్టికగా ఉంచవలెనని, ఆ పని తాను చేయగలనని ప్రతిపాదించాడు. ఆనాడు ఆయన 28 ఏళ్ళ విద్యార్థి. ఏ ప్రభుత్వ ఉత్తరువూ లేకుండానే అందరూ ఆ పట్టికను అంగీకరించారు.

ఆ పత్రంలో పోస్టెల్ సూచించిన సంఖ్యలు 1, 3, 5, 7, 9. అన్నియు బేసి సంఖ్యలే. అప్పటి పద్ధతిలో సంబంధము ఒక దిశలోనే సాగేది కనుక, పంపుటకు బేసి సంఖ్యను, స్వీకరించుటకు సరి సంఖ్యను జంటగా వాడేవారు. తరువాత వచ్చిన టి.సి.పి. పద్ధతికి ఈ జంటలు అవసరం లేకపోయినా, పాత సేవల సంఖ్యలలో ఆ జాడ మిగిలింది. ఫైళ్ళ బదిలీకి 21, టెల్‌నెట్‌కు 23, విద్యుల్లేఖల బట్వాడాకు 25 ఉండుటకు కారణమిదే.

1977లో పోస్టెల్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో చేరి, జీవితాంతము అక్కడే పనిచేశాడు. పట్టికల నిర్వహణలో జాయిస్ రెనాల్డ్స్ ఆయనకు ప్రధాన సహచరి. 1980ల చివరి నుండి ఈ కార్యమునకు అయానా అను పేరు స్థిరపడింది. పేరు పెద్ద సంస్థను తలపించినా, అందులో పనిచేసినవారు పోస్టెల్, ఆయన సహాయకులు కొద్దిమంది మాత్రమే.

కేటాయింపు ఎంత సులభంగా జరిగేదో తెలుపుటకు 22వ పోర్టు చరిత్ర మంచి ఉదాహరణ. 1995 జులైలో ఫిన్లాండుకు చెందిన తాతు యులోనెన్, రహస్య సంకేతాలతో దూరపు కంప్యూటరును సురక్షితంగా వాడుకొనే ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును రూపొందించాడు. అది 21, 23 పోర్టులలోని పాత సేవల స్థానమును ఆక్రమించవలెనని ఆయన ఉద్దేశ్యము. ఆ రెంటి నడుమ ఉన్న 22 ఖాళీగా ఉండుట గమనించి, దానిని కోరుతూ అయానాకు జాబు వ్రాశాడు. కోరిన సంఖ్య కేటాయింపబడినదని మరునాడే జాయిస్ రెనాల్డ్స్ నుండి సమాధానము వచ్చింది.

ప్రస్తుత విభజన ప్రకారం 0 నుండి 1023 వరకు గల పోర్టులు సుప్రసిద్ధ సేవలకు, 1024 నుండి 49151 వరకు నమోదు చేసుకొన్న సేవలకు ఉద్దేశించినవి. 49152 నుండి 65535 వరకు గలవి తాత్కాలిక వినియోగానికి విడిచిపెట్టబడినవి. ముద్రిత పత్రంగా వెలువడిన చివరి పట్టిక 1994 అక్టోబరు నాటి ఆర్.ఎఫ్.సి. 1700. ఆ తరువాత పట్టిక అంతర్జాలంలోనే నిర్వహింపబడుతున్నది.

ప్రమాణ పత్రములు

1980 ఆగస్టులో యు.డి.పి. పత్రమును (ఆర్.ఎఫ్.సి. 768) పోస్టెల్ రచించాడు. 1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వంలో ఐ.పి. (791), టి.సి.పి. (793) పత్రాలు వెలువడినాయి. 1982లో విద్యుల్లేఖల బట్వాడా నియమావళిని (821) రచించాడు. 1983 జనవరి 1న ఆర్పానెట్ పాత పద్ధతిని వదలి టి.సి.పి.కి మారుటకు కావలసిన ప్రణాళిక (801) కూడా ఆయనదే.

టి.సి.పి. నియమము ప్రకారం సంబంధము మూడు మెట్లలో ఏర్పడుతుంది. మొదట అడిగే కంప్యూటరు ఒక అభ్యర్థన పంపుతుంది. ఆ పోర్టులో సేవ నడుస్తున్నచో రెండవ కంప్యూటరు అంగీకారము తెలుపుతుంది. మొదటిది దానిని అందుకొన్నట్లు తెలిపిన పిమ్మట సంభాషణ మొదలవుతుంది. సేవ ఏదీ లేనిచో తిరస్కార సందేశము వెళుతుంది. అడుగుచున్నది ఎవరు, వారికి అర్హత ఉన్నదా అను ప్రశ్న ఈ మూడు మెట్లలో ఎక్కడా రాదు. ఆ పరీక్ష లోపలి సేవ చూచుకోవలసినదే. పోర్టు సంఖ్య ఏ సేవ కావాలో చెప్పునే గాని, అడిగినవాని మంచిచెడ్డలు చెప్పదు.

సందేశములను పంపునపుడు నియమాలను తు.చ. తప్పక పాటించవలెనని, స్వీకరించునపుడు ఇతరుల చిన్న దోషాలను సహించవలెనని పోస్టెల్ బోధించిన సూత్రము పోస్టెల్ సూత్రముగా ప్రసిద్ధి చెందింది. భిన్న సంస్థలు తయారుచేసిన కంప్యూటర్లు కలిసి పనిచేయుటకు ఇది ఎంతో తోడ్పడింది. ఈ ఉదారతే దోషాలను శాశ్వతం చేస్తుందని, భద్రతకు హాని కలిగిస్తుందని తరువాతి కాలపు నిపుణులు కొందరు విమర్శించారు. 2023లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9413 ఈ విమర్శను చర్చించింది.

1975 నాటి హెచ్చరిక

పోస్టెల్ అందరినీ గుడ్డిగా నమ్మినవాడని తలచుట సరికాదు. 1975 నవంబరులో వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 706లో ఆయన అక్కరలేని సందేశాల సమస్యను ప్రస్తావించాడు. ఆర్పానెట్‌లో ఒక కంప్యూటరు తనకు వచ్చిన ప్రతి సందేశమును అందుకొని చూడవలసినదే గాని, ఫలానా చోటు నుండి వచ్చేవి వద్దని చెప్పే మార్గము లేదని గుర్తించాడు. చెడిపోయిన లేదా విసిగించే కంప్యూటరు ఒకటి సందేశాలను కుమ్మరిస్తూ ఉంటే, స్వీకరించే యంత్రము తన పని చేసుకోలేదని తెలిపాడు. వద్దన్న సందేశములను దారిలోనే ఆపివేసే సదుపాయము మేలని సూచించాడు. నేటి ఫైర్‌వాల్ చేసే పనికి ఈ ఆలోచన దగ్గరగా ఉన్నది. కాని ఆనాటి వలయంలో ఉన్నవి పరస్పరం పరిచయం గల కొద్ది సంస్థలే కనుక తిరస్కరించే ఏర్పాటు వలయంలోనే అంతర్భాగము కాలేదు. ఆ భారము చివరకు ఎవరి కంప్యూటరును వారు కాపాడుకొనే పద్ధతిగా పరిణమించింది.

పోస్టెల్ స్వయంగా వ్రాసిన చిన్న సేవలే దీనికి నిదర్శనము. 1983 మేలో ఆయన పరీక్షల కొరకు కొన్ని సులభమైన సేవలను నిర్వచించాడు. 7వ పోర్టు తనకు వచ్చినదానిని తిరిగి పంపుతుంది. 19వ పోర్టు అడిగినవారికి అక్షరాల వరుసను పంపుతుంది. దొంగ చిరునామాతో ఒక సందేశము పంపి ఒక కంప్యూటరు 7వ పోర్టును వేరొక కంప్యూటరు 19వ పోర్టుతో ముడిపెట్టినచో, రెండూ ఎడతెగక ఒకదానికొకటి సందేశాలు పంపుకొంటూ ఉండిపోతాయి. 1996 ఫిబ్రవరిలో కంప్యూటరు భద్రతా సంస్థ సెర్ట్ ఈ ప్రమాదమును గూర్చి హెచ్చరించి, అవసరం లేని ఇట్టి సేవలను మూసివేయమని సలహా ఇచ్చింది.

గృహ కంప్యూటరుకు వచ్చే అపరిచిత అభ్యర్థనలు

ఇంట్లోని కంప్యూటరును అంతర్జాలమునకు కలిపి ఫైర్‌వాల్ నమోదును తెరిచి చూచినవారికి, తాము ఎన్నడూ ఎరుగని చిరునామాల నుండి వచ్చిన అభ్యర్థనలు కనబడి ఆందోళన కలుగుట సహజము. వీటిలో అత్యధికము ఆ ఇంటిని ఎంచుకొని చేసినవి కావు. ఐ.పి. నాలుగవ రూపాంతరంలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే కంప్యూటరుతో ఆ చిరునామాలన్నింటిలోను ఒక పోర్టును 45 నిముషాల లోపు పరీక్షించవచ్చునని నిరూపించారు. కనుక అంతర్జాలానికి నేరుగా కలిసిన ఏ చిరునామా కూడా మరుగున ఉండదు. పరిశోధకులు, భద్రతా సంస్థలు, పురుగు ప్రోగ్రాములు, దొంగలు అందరూ ఇట్లే వరుసగా తట్టి చూస్తూ పోతారు.

తట్టిన పోర్టు సంఖ్యను బట్టి దేనికొరకు వెదకుచున్నారో కొంత ఊహించవచ్చును.

* 22 - ఎస్.ఎస్.హెచ్. బలహీనమైన సంకేతపదాల కొరకు ప్రయత్నము.
* 23 - టెల్‌నెట్. 2016లో మిరాయ్ అను ప్రోగ్రాము, కర్మాగారంలో పెట్టిన సంకేతపదమును మార్చని కెమెరాలను, రౌటర్లను ఈ పోర్టు ద్వారా వశపరచుకొన్నది.
* 25, 79 - విద్యుల్లేఖ, ఫింగర్ సేవలు. 1988 నవంబరు 2న వ్యాపించిన మోరిస్ పురుగు ఈ సేవలలోని లోపాలను వాడుకొన్నది.
* 80 - వెబ్ సేవ. 2001 నాటి కోడ్ రెడ్ పురుగు దీని ద్వారానే వ్యాపించింది.
* 135 - విండోస్ అంతర్గత సేవ. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగుకు మార్గమైనది.
* 445 - విండోస్ ఫైళ్ళ పంపకము. 2004లో సాసర్, 2008లో కాన్ఫికర్, 2017 మేలో వన్నాక్రై దీనిని వాడుకొన్నాయి.
* 1434 - ఎస్.క్యూ.ఎల్. సర్వర్. 2003 జనవరి 25న స్లామర్ పురుగు ఈ యు.డి.పి. పోర్టు ద్వారా కొద్ది నిముషాలలో ప్రపంచమంతటా వ్యాపించింది.
* 3389 - విండోస్ రిమోట్ డెస్క్‌టాప్.

ఇది ఊహ మాత్రమే. పట్టికలోని సంఖ్యను పాటించుట మర్యాదయే గాని నిర్బంధము కాదు. ఏ ప్రోగ్రామైనా ఏ సంఖ్యనైనా వాడవచ్చును. కావున సంఖ్యను చూచి మాత్రమే ఫలానా వైరస్ అని నిర్ణయించరాదు. అదేవిధంగా నమోదులో కనబడిన చిరునామా గలవానినే దోషిగా భావించరాదు. అది కూడా తనకు తెలియకుండానే వ్యాధి సోకిన వేరొకరి ఇంటి కంప్యూటరు కావచ్చును. యు.డి.పి. సందేశాలలో చిరునామా కల్పితమై కూడా ఉండవచ్చును. మన చిరునామా నిన్నటివరకు ఇంకొక చందాదారునిదై, అతని మిత్రుల కంప్యూటర్లు ఇంకను అతని కొరకు వెదకుచుండుట కూడా కలదు. మనము తెరిచిన పుటకు ఆలస్యంగా వచ్చిన సమాధానమును ఫైర్‌వాల్ అపరిచితముగా చూపుట మరొక కారణము.

ఆపివేయబడిన అభ్యర్థన వలన హాని లేదు. చొరబాటు జరిగినట్లు అది తెలుపదు. చూడవలసిన విషయము ఏమనగా, మన కంప్యూటరులో ఏ ప్రోగ్రాములు ఏ పోర్టులలో సంబంధాల కొరకు ఎదురుచూచుచున్నవి అనేది. నెట్‌స్టాట్ అను ఆదేశము ఈ జాబితాను ఇస్తుంది. అక్కరలేని సేవను నిలిపివేయుట, ఆపరేటింగ్ సిస్టమును ఎప్పటికప్పుడు నవీకరించుట, రౌటరు సంకేతపదమును మార్చుట ముఖ్యమైన జాగ్రత్తలు. ఒకే చిరునామాను ఇంటిలోని పలు యంత్రాలు పంచుకొనే రౌటరు, లోపలివారు కోరని అభ్యర్థనలను సాధారణంగా లోనికి పంపదు. లోపలి నుండి బయటకు, మనము ప్రారంభించని సంబంధాలు వెళ్ళుచున్నచో అది ఎక్కువ శ్రద్ధతో విచారింపదగిన విషయము.

డొమైన్ నామములు, 1998 నాటి సంఘటన

సమాచార శాస్త్రాల సంస్థలో పోస్టెల్ సహోద్యోగి పాల్ మొకపెట్రిస్ 1983లో డొమైన్ నామ వ్యవస్థను రూపొందించాడు. దాని పై స్థాయి నిర్వహణ కూడా పోస్టెల్ చేతికే వచ్చింది. దేశాల డొమైన్ల కొరకు ఆయన అంతర్జాతీయ ప్రమాణ సంస్థవారి రెండక్షరాల జాబితాను ఆధారంగా తీసుకొన్నాడు. ఏది దేశము, ఏది కాదు అను వివాదములోకి తాము దిగమని 1994 మార్చి నాటి ఆర్.ఎఫ్.సి. 1591లో స్పష్టపరిచాడు. భారతదేశపు .ఇన్ డొమైన్ 1989లో ఈ విధానంలోనే ఏర్పడింది.

1990లలో అంతర్జాలము వ్యాపార రంగమైన పిమ్మట, ఇంతటి అధికారము ఎవరిది అను ప్రశ్న తలెత్తింది. 1998 జనవరి 28న పోస్టెల్, మూల సర్వర్లను నడిపే 12 సంస్థలలో 8 సంస్థలకు లేఖ వ్రాసి, నామముల మూల పట్టికను ఇకపై నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ సర్వర్ నుండి కాక తన సంస్థలోని సర్వర్ నుండి తీసుకొనవలెనని కోరాడు. వారు ఆ ప్రకారమే చేశారు. వినియోగదారులకు ఎట్టి అంతరాయము కలుగలేదు. అమెరికా అధ్యక్షుని సలహాదారు ఐరా మాగజినర్ తీవ్ర అభ్యంతరము తెలుపగా, పోస్టెల్ దీనిని ఒక పరీక్షగా వర్ణించి పూర్వ స్థితికి మార్పించాడు. ఆయన చేతిలో ఉన్నది చట్టము ఇచ్చిన అధికారము కాదని, తోటివారి విశ్వాసము మాత్రమేనని ఈ సంఘటన తేటతెల్లము చేసింది. ఆ విశ్వాసము ఎంత బలమైనదో కూడా నిరూపించింది. ఒక వ్యక్తిపై ఇంత ఆధారపడుట ఎంత ప్రమాదకరమో దీనివలననే ప్రభుత్వానికి బోధపడింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ బాధ్యతల కొరకు ఐకాన్ అను లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. దాని ఏర్పాటుకు పోస్టెల్ స్వయంగా కృషిచేశాడు.

వ్యక్తిగత జీవితము, మరణము

పొడవైన గడ్డము, కాళ్ళకు చెప్పులు, నిరాడంబరమైన వేషము పోస్టెల్ గుర్తులు. పర్వత ప్రాంతాలలో కాలినడకన సంచరించుట ఆయనకు ప్రీతి. 1991లో ఆయన గుండె కవాటమునకు శస్త్రచికిత్స జరిగింది. 1998లో తిరిగి శస్త్రచికిత్స అవసరమై, దాని అనంతర సమస్యల వలన అక్టోబరు 16న లాస్ ఏంజెలెస్‌లో 55వ యేట మరణించాడు. ఐకాన్ ఆవిర్భవించి అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన జీవితకాలము కాపాడిన ఆర్.ఎఫ్.సి. వరుసలోనే 2468వ పత్రముగా వింట్ సెర్ఫ్ వ్రాసిన సంస్మరణ ప్రచురితమైనది.

గౌరవములు

అంతర్జాల సొసైటీకి పోస్టెల్ మొదటి వ్యక్తిగత సభ్యుడు. ఆ సంస్థ ఆయన పేరిట పోస్టెల్ పురస్కారమును నెలకొల్పి, 1999లో మొదటిసారి ఆయనకే మరణానంతరము ప్రకటించింది. 2012లో అంతర్జాల కీర్తి మందిరంలో ఆయన పేరు చేర్చబడింది.

అయానా కార్యములపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. దాని తరువాత జరిగిన మొదటి ఐకాన్ మహాసభ 2016 నవంబరు 3 నుండి 9 వరకు హైదరాబాదులో జరుగుట తెలుగువారికి గమనింపదగిన విషయము. ఒక విద్యార్థి స్వచ్ఛందంగా వ్రాసుకొన్న పట్టికను నేడు ఐకాన్ అనుబంధ విభాగము నిర్వహిస్తున్నది. కొత్త సేవకు పోర్టు సంఖ్య కావలసినవారు ఇప్పటికీ ఆ విభాగమునకే దరఖాస్తు చేసుకొంటారు.